మంచానికీ ట్రాలీకీ మధ్య

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థల మేనేజింగ్ డైరెక్టర్లకు,



మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాసుపత్రులకు మందుల దగ్గర్నుంచి మంచాల దాకా కొని పంపేది మీ సంస్థలే. అందుకే ఈ ఉత్తరం ఆరోగ్య మంత్రులకు కాక మీకు రాస్తున్నాను. నేను అడగబోయేదానికి మంత్రివర్గ నిర్ణయం అక్కర్లేదు. ఒక టెండరు, అందులో జాగ్రత్తగా రాసిన స్పెసిఫికేషను, స్టాకు రిజిస్టరు పద్ధతిలో ఒక మార్పు చాలు.

కదల్లేని రోగిని మంచం మీంచి ట్రాలీ మీదికి, ట్రాలీ మీంచి ఎక్స్‌రే బల్ల మీదికి, అక్కణ్ణుంచి మళ్ళీ మంచం మీదికి మార్చే సాధనాల సంగతి ఇది. స్టాఫ్ నర్సుగా చేరి నర్సింగ్ ట్యూటరుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రుల్లోనే గడిచింది. ఈ పని రోజూ చూశాను, చేశాను, పిల్లలకు నేర్పాను. ఇంత నొప్పి పుట్టించే పని, ఇంత తక్కువ ఖర్చుతో బాగుపడే పని ఆసుపత్రిలో మరొకటి నాకు కనబడలేదు.

తుంటి ఎముక విరిగిన ఒక ముసలమ్మ 108 అంబులెన్సులో వచ్చిందనుకోండి. ముందు 108 స్ట్రెచర్ మీంచి క్యాజువాల్టీ ట్రాలీ మీదికి మారుస్తారు. తర్వాత ఎక్స్‌రే బల్ల మీదికి, మళ్ళీ ట్రాలీ మీదికి, అక్కణ్ణుంచి వార్డులో మంచం మీదికి. ఆపరేషన్ రోజున మంచం మీంచి ట్రాలీకి, ట్రాలీ మీంచి థియేటర్ బల్లకి, బల్ల మీంచి మళ్ళీ ట్రాలీకి, పోస్టాపరేటివ్ మంచానికి, ఆ తర్వాత ఇంకో ట్రాలీకి, చివరికి వార్డు మంచానికి. ఏ చిక్కులూ లేకుండా అంతా సవ్యంగా జరిగితేనే పదిసార్లు. మధ్యలో సీటీ స్కాన్ కావలసివస్తే ఇంకా ఎక్కువ. విరిగిన ఎముకతో ఉన్న మనిషికి ఈ పదిసార్లలో ప్రతిసారీ ప్రాణం పోయినంత పనవుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళినవాళ్ళు ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పరు. "ఆ ఎత్తి పడేసినప్పుడు చచ్చిపోయాననుకున్నా" అంటారు.

ఎలా ఎత్తుతారో మీకు తెలియనిది కాదు. ఎమ్మెన్వో, అంటే మగ నర్సింగ్ ఆర్డర్లీ, ఒకడు తల వైపు నిలబడతాడు. ఆడ ఆర్డర్లీ ఎఫ్ఎన్వో కాళ్ళ దగ్గర. చాలకపోతే పక్క మంచం అటెండెంట్లను "ఒక చెయ్యెయ్యండయ్యా" అని పిలుస్తారు. రోగి కింద పరిచిన దుప్పటిని నాలుగు మూలలా గుప్పిట్లోకి చుట్టుకుని "వన్, టూ, త్రీ" అంటారు. ఆ దుప్పటి ఎన్నో ఉతుకులు తిన్నది, నడిమధ్యలో చిరుగుతుంది. ట్రాలీ బ్రేకు పట్టదు, ఎవరో ఒకరు పొట్ట ఆనించి ఆపాలి. ట్రాలీ, మంచం ఒకే ఎత్తులో ఉండవు. యూరిన్ బ్యాగు మంచం కమ్మీకి తగిలించే ఉందని సగం దారిలో గుర్తొస్తుంది. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. చేతిలో ఏమీ లేనప్పుడు మనుషులు ఇంతకంటే బాగా చెయ్యలేరు.

బరువు లెక్క ఒక్కసారి చూడండి. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పనివాళ్ళు ఎత్తే బరువులకు ఒక సూత్రం తయారుచేసింది. పెట్టె ఒంటికి దగ్గరగా ఉండి, పట్టుకోవడానికి పిడులుండి, వంగక్కర్లేకుండా నిటారుగా నిలబడి ఎత్తగలిగితే 23 కిలోల దాకా ఫరవాలేదంటుంది ఆ సూత్రం. రోగి పెట్టె కాడు. పిడులుండవు. బరువు ఒంట్లో అంతటా సమంగా ఉండదు. మధ్యలో భయపడి మన మెడ పట్టుకుంటాడు, కాలు విదిలిస్తాడు, స్పృహ తప్పి వాలిపోతాడు. అందుకని ఆ సంస్థ పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో రోగుల విషయంలో ఆ హద్దును 35 పౌండ్లకు, అంటే సుమారు 16 కిలోలకు దించాడు. అంతకు మించితే సాధనం వాడాల్సిందేనన్నాడు. మనిషి బరువులో ఒక కాలు వాటా దాదాపు ఆరో వంతు. వంద కిలోల రోగికి కట్టు కట్టేటప్పుడు ఒక కాలు ఎత్తి పట్టుకోవడమే ఆ హద్దుకు చేరిపోతుంది. అరవై కిలోల రోగిని ఇద్దరు కలిసి ఎత్తితే, అదీ మంచం మీదికి వంగి చేతులు ముందుకు చాచి ఎత్తితే, ఆ ఇద్దరి నడుముల మీద పడేదెంతో మీరే ఊహించండి. ఇద్దరు చేరినంత మాత్రాన ఈ పని క్షేమం కాదని ఒహాయోలో విలియం మారస్ బృందం వెన్నెముక మీద పడే ఒత్తిడిని కొలిచి 1999లోనే తేల్చింది.

ఎవరికీ దెబ్బ తగిలేంత బరువు ఎత్తే పని పెట్టకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో రాసుకున్నాం. వార్డు ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ మాట నర్సుకూ ఎమ్మెన్వోకూ వర్తించలేదు. ముప్పై ఐదేళ్ళకే నడుముకు బెల్టు కట్టుకుని డ్యూటీకి వచ్చే సిస్టర్లు నాకు ఎందరో తెలుసు. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే పేషెంట్ కేర్ మనుషుల నడుం నొప్పి ఏ రికార్డుకూ ఎక్కదు. పని చెయ్యలేని రోజు జీతం ఉండదు కనుక నొప్పి ఉందని వాళ్ళు చెప్పరు కూడా.

ఇక రోగికి జరిగే హాని సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే బయటికి కనబడదు.

రోగిని దుప్పటి మీద లాగినప్పుడు వీపు చర్మం దుప్పటిని అంటుకుని ఉండిపోతుంది. లోపలి ఎముక మాత్రం లాగినవైపు కదులుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న కండ, కొవ్వు, సన్నటి రక్తనాళాలు సాగి మెలిపడతాయి. రక్తం ఆగిన చోట కణాలు చచ్చిపోతాయి. పైకి ఆ క్షణాన గీత కూడా పడదు. తర్వాత నడుము కింద తోకెముక పైన, మడమల మీద చర్మం కందుతుంది, ఊదారంగుకు తిరుగుతుంది, తర్వాత పుండవుతుంది. అందరూ "ఒకే పక్కన పడుకోబెట్టారు కాబట్టి బెడ్ సోర్ వచ్చింది" అనుకుంటారు. అదీ నిజమే, అయితే సగమే నిజం. తలవైపు నుంచి కిందికి జారిపోయిన రోగిని రోజుకు నాలుగైదుసార్లు పైకి ఈడ్చడంలో కూడా ఆ పుండు పుడుతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలబెట్టమని విద్యార్థులకు చెబుతాం. ఆ ఒత్తిగిలబెట్టడమే ఈడ్చి చేస్తే, ఒక హాని తప్పించబోయి ఇంకొకటి చేసినట్టు.

పక్షవాతం రోగుల భుజం ఇంకో కథ. పడిపోయిన వైపు భుజం చుట్టూ కండరాలకు పట్టు ఉండదు. చెయ్యి బరువుకే ఆ కీలు కిందికి జారుతూ ఉంటుంది. అలాంటి మనిషిని చంకల్లో చేతులు వేసి లేపుతాం, లేదా ఆ చెయ్యి పట్టుకుని లాగుతాం. భుజం సందు వదులవుతుంది. చుట్టూ ఉన్న కండరాల అంచులు చిరుగుతాయి. నెల తిరిగేసరికి కాలు కొంచెం వస్తుంది, మాట వస్తుంది, చెయ్యి మాత్రం ముట్టుకుంటే అరుస్తారు. ఫిజియోథెరపీ చేయించుకోవాల్సిన చెయ్యి ఆ నొప్పి వల్లే చేయించుకోదు. జబ్బు చేసిన నష్టం పైన, మంచం మార్చడంలో మనం చేసిన నష్టం ఇది. చంకల్లో చేతులు వేసి ఎత్తకూడదని నర్సింగ్ పుస్తకాల్లో ఉంది. మరెలా మార్చాలి అన్నప్పుడు చేతికి ఏమీ అందదు, మళ్ళీ చంకలకే పోతాం.

చేతికి అందవలసిన వస్తువుల్లో మొదటిది స్లైడ్ షీటు. చూడ్డానికి ఏమీ ఉండదు. సన్నటి నైలాన్ గుడ్డ, లోపలివైపు సిలికాన్ పూత, చాలావరకు గొట్టంలా కుట్టి ఉంటుంది. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడితే పట్టుచీర మీద పట్టుచీర జారినట్టు జారతాయి. రోగి పై పొర మీద ఉంటాడు, కింది పొర మంచాన్ని పట్టుకుని ఉంటుంది, కదలిక అంతా ఈ రెండింటి మధ్య జరుగుతుంది. చర్మం దుప్పటి మీద ఒరుసుకోదు. ఎవరూ దేన్నీ గాల్లోకి ఎత్తరు. దుప్పటితో నలుగురు మూలుగుతూ చేసే పని, ఈ షీటుతో పెద్ద కష్టం లేకుండా అయిపోతుంది.

పద్ధతి కూడా కష్టం కాదు. రోగిని మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిలబెట్టాలి. వెన్నెముకకు దెబ్బ తగిలిన రోగి అయితే తల, మెడ, నడుము ఒకే వరసలో తిరిగేట్టు లాగ్ రోల్ చెయ్యాలి, తల దగ్గరున్నవాళ్ళే మాట ఇవ్వాలి. సగం చుట్టిన షీటును వీపు వెనక పెట్టి, ఇటు తిప్పి మిగతా సగం పరవాలి. యూరిన్ బ్యాగు, డ్రెయిను, సెలైన్ ముందుగా అవతలి వైపుకు చేర్చాలి. ట్రాలీని మంచానికి ఆనించి రెంటికీ బ్రేకులు వెయ్యాలి. అవతలి పక్క నిలబడ్డవాళ్ళు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, తమ ఒంటి బరువును ముందు కాలి మీంచి వెనక కాలి మీదికి మార్చుకుంటూ లాగాలి. చేతులతో గుంజడం ఉండదు. తీసేటప్పుడు కింది మూలను పొరల మధ్యకు దోపి, దానిలోంచే అది ఊడి వచ్చేట్టు లాగితే రోగికి తెలియను కూడా తెలియదు. పని అవగానే తీసెయ్యాలి, రోగి కింద వదిలేస్తే మంచం మీంచి జారిపోతాడు. నేల మీద పడేస్తే మనమే జారిపడతాం. అందుకే షీటు దూరం నుంచే కనబడే ముదురు రంగులో ఉండాలని స్పెసిఫికేషన్‌లో రాయండి. తెల్లటిది కొంటే డ్రా షీట్ల (రోగి నడుము కింద పరిచే గుడ్డల) మూటలో కలిసి ధోబీకి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది.

షీటుకు తోడు ట్రాన్స్‌ఫర్ బోర్డు కావాలి. నున్నటి, వంగని ప్లాస్టిక్ పలక, మనిషి పొడవున ఉంటుంది. మంచానికీ ట్రాలీకీ మధ్య ఉన్న సందును అది కప్పుతుంది. ఆ సందులోనే రోగి నడుము దిగబడి నొప్పెడుతుంది, ఆ సందు దగ్గరే ఎత్తక తప్పని పరిస్థితి వస్తుంది. ఎక్స్‌రే గదికొకటి, సీటీ గదికొకటి, ప్రతి థియేటరుకొకటి, క్యాజువాల్టీకి రెండు ఉంటే చాలు. కూర్చోగలిగిన వాళ్ళకు, ముఖ్యంగా నడుము కింద చచ్చుబడినా చేతుల్లో బలం ఉన్నవాళ్ళకు, చిన్న బోర్డు వేరే ఉంటుంది. దాని మీద వాళ్ళంతట వాళ్ళే మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జరుగుతారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు రోడ్డు ప్రమాదంలో కాళ్ళు పోగొట్టుకున్నాక మొదటిసారి ఎవరి చెయ్యీ లేకుండా కుర్చీలోకి మారినప్పుడు అతని ముఖం చూసినవాళ్ళకు ఆ పలక విలువ నేను చెప్పక్కర్లేదు. నడవగలిగి తూలేవాళ్ళకు నడుముకు కట్టే ట్రాన్స్‌ఫర్ బెల్టు. పట్టుకోవడానికి పిడులుంటాయి కనుక చంకల్లో చెయ్యి వెయ్యాల్సిన పని ఉండదు.

ఇక హాయిస్టు. చిన్న క్రేను లాంటిది, చక్రాల మీద దొర్లుతుంది, రోగి కింద గుడ్డ ఉయ్యాల వేసి పైకి ఎత్తుతుంది. పూర్తిగా పడిపోయిన, బరువైన రోగికి ఇది తప్ప దారి లేదు. అయినా మిమ్మల్ని వెంటనే హాయిస్టులు కొనమని అడగడం లేదు, కారణాలు చెబుతాను. హాయిస్టు కాళ్ళు మంచం కిందికి దూరాలి. మన వార్డుల్లో మంచం కింద అడ్డకమ్మీ ఉంటుంది, లేదంటే అటెండెంట్ల సంచులు, చాప, నీళ్ళ బాటిళ్ళు ఉంటాయి. ఉయ్యాల గుడ్డ రోగి కొలతకు సరిపోవాలి, పెద్దవాళ్ళకూ చిన్నవాళ్ళకూ ఒకటే పనికిరాదు. యంత్రం వస్తుంది, గుడ్డలు ఒకటో రెండో వస్తాయి, అవి రక్తం అంటి ఉతుకుకు వెళ్ళాక యంత్రం మూల నిలబడుతుంది. బ్యాటరీ ఛార్జింగ్ ఎవరి బాధ్యతో రాసి ఉండదు. బ్రిటన్‌లో మనుషుల్ని ఎత్తే యంత్రాన్ని ఆర్నెల్లకోసారి నిపుణులు పరీక్షించాలని 1998 నుంచి నిబంధన ఉంది. అలాంటి ఏర్పాటు లేకుండా హాయిస్టు కొనడం రోగి ప్రాణాన్ని ఒక తాడుకు కట్టడమే. కొనేటప్పుడు ముందు న్యూరో వార్డులకు, ఆర్థో వార్డులకు, వెన్నెముక గాయాల యూనిట్లకు, మంచాలు సరిచేసి, ఏడాది మెయింటెనెన్సు ఒప్పందంతో కలిపి కొనండి. మిగతా చోట్లకు తర్వాత.

మంచాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మీరు ఇకముందు కొనే ప్రతి ట్రాలీకి ఎత్తు పెంచే తగ్గించే ఏర్పాటు ఉండాలి, నాలుగు చక్రాలూ ఒకే కాలి తొక్కుడుతో ఆగిపోవాలి. ఈ రెండూ లేని ట్రాలీని ఎంత చౌకగా ఇచ్చినా తిప్పి పంపండి. బ్రేకు పట్టే ఒక్క ట్రాలీ ఇద్దరు మనుషుల పని చేస్తుంది.

ఇతర దేశాల్లో ఈ పని ఎలా జరుగుతుందో చూడండి. మన ఆడపిల్లలు నర్సింగ్ చదివి బ్రిటన్‌కు, ఐర్లండ్‌కు, జర్మనీకి, జపాన్‌కు వెళ్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే జర్మనీ, జపాన్‌లకు నర్సులను పంపుతోంది. బ్రిటన్‌లో 1992 నిబంధనల ప్రకారం, ప్రమాదమున్న ఎత్తుడు పనిని వీలైనంతవరకు లేకుండా చూడడం యజమాని బాధ్యత. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1998లో నర్సుల సంఘమే ముందుకొచ్చి, రోగులను చేతులతో ఎత్తకూడదన్న విధానాన్ని తెచ్చింది. సంరక్షణ పనుల్లో మనిషిని ఒట్టి చేతులతో ఎత్తడం సూత్రప్రాయంగా చేయకూడదని జపాన్ కార్మిక శాఖ 2013లో సవరించిన మార్గదర్శకాల్లో రాసింది. నా దగ్గర చదివి బ్రిటన్ వెళ్ళిన ఒకమ్మాయి అక్కడ చేరిన మొదటి వారం ఫోన్ చేసింది. "మేడమ్, ఇక్కడ స్లైడ్ షీటు లేకుండా పేషెంటును పైకి జరిపితే నన్ను డ్యూటీలోంచి పక్కకు పెడతారట" అంది. అదే అమ్మాయి మన వార్డులో ఉన్నన్నాళ్ళూ దుప్పటి మూలలే పట్టుకుంది. ఆమె చేతులు అవే, నడుమూ అదే.

నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవెయ్యను. సరిగ్గా ఎత్తడం నేర్పితే సరిపోదా అంటారు. సరిపోదు. బరువు పనులు చేసేవాళ్ళకు శిక్షణ ఇస్తే నడుం నొప్పి తగ్గుతుందా అని అధ్యయనాలన్నీ కూర్చి చూసిన కాక్రేన్ సంస్థ సమీక్ష 2011లో వెలువడింది. తగ్గినట్టు ఆధారం లేదని అది తేల్చింది. శిక్షణతోపాటు సాధనాలు కలిపిచ్చిన అధ్యయనాల్లోనూ ఫలితం కనబడలేదని కూడా అదే సమీక్ష చెప్పింది. నేను అడిగేదానికి ఇది ఎదురు మాటే, అయినా మీకు తెలియాలి. వార్డులో బతికినదాన్ని కనుక నేను దాన్ని ఇలా అర్థం చేసుకున్నాను. ఒకరోజు క్లాసు పెట్టి, ఒక షీటు చూపించి, దాన్ని బీరువాలో పెట్టి వెళ్ళిపోతే ఎవరి నడుమూ బాగుపడదు. షీటు మంచం పక్కన ఎప్పుడూ ఉండాలి, వాడకపోతే అడిగేవాళ్ళుండాలి, కొత్తగా చేరిన ఎమ్మెన్వోకు పాత ఎమ్మెన్వో నేర్పాలి. విక్టోరియాలో పని జరిగింది అలాగే. పైగా రోగి చర్మానికీ, భుజానికీ, నొప్పికీ కలిగే మేలు నడుం నొప్పి లెక్కలో చేరదు. నా మటుకు ఆ మేలొక్కటి చాలు.

బీరువా అన్నాను. అసలు చిక్కు అక్కడే ఉంది, మీరు తప్ప ఇంకెవరూ విప్పలేని చిక్కు. ఆసుపత్రికి ఏదైనా కొత్త వస్తువు వస్తే ఇన్‌ఛార్జి సిస్టర్ పేరున స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది. అది పోయినా, చిరిగినా ఆమె జవాబుదారీ. రిటైరయ్యే ముందు స్టాకు అప్పగించలేక, పోయిన కత్తెరలకు, బేసిన్లకు తమ చేతి డబ్బు కట్టిన సిస్టర్లను నేనెరుగుదును. అందుకని మంచి వస్తువు వస్తే ఆమె చేసే మొదటి పని తాళం వేయడం. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికొస్తుంది, సాయంత్రానికి లోపలికెళుతుంది. ఆమెను తప్పుపట్టలేను, నేనూ ఆ తాళం చెవి మోసినదాన్నే. స్లైడ్ షీటును పరికరాల పద్దులో చేర్చవద్దు. గ్లౌజులు, దూది, సిరంజిల లాగా వాడి పారేసే సరుకుల పద్దులో చేర్చండి. మూడు నెలలకోసారి వార్డు అడిగినన్ని ఇవ్వండి. చిరిగితే చిరిగిందని రాసి కొత్తది తీసుకునే హక్కు సిస్టర్‌కు ఉండాలి. అప్పుడు ఆ షీటు మంచం కమ్మీకి వేలాడుతుంది.

ఇన్ఫెక్షన్ మాట కూడా అడుగుతారు. ఐసీయూలో, పుండ్లున్న రోగికి ఒక మనిషికి ఒక షీటు, డిశ్చార్జి దాకా అతనిదే. మిగతా వార్డుల్లో ఉతికి వాడవచ్చు. అయితే గంజి పెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు, బ్లీచింగ్‌లో నానబెట్టకూడదు, పూత పోతే అది మామూలు గుడ్డే. ఈ సూచనలు తెలుగులో, చెరగని అక్షరాలతో షీటు అంచునే ముద్రించాలని టెండరులో అడగండి. ధోబీ చదవగలగాలి.

ఎక్కడ తయారు చేయించాలన్నది మీ నిర్ణయం. నా మనసులో మాట చెబుతాను. సిరిసిల్ల మరమగ్గాల మీద పాలిస్టర్ నేసే చేతులున్నాయి. కోవిడ్ కాలంలో మాస్కులు కుట్టిన మహిళా సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పూత, కుట్టు బలం, జారుడు గుణం పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రయోగశాల ఒక్కటి కలిస్తే ఇది మన దగ్గరే తయారయ్యే వస్తువు. పరీక్ష లేకుండా మాత్రం వద్దు. లాగేటప్పుడు కుట్టు ఊడితే రోగి నేల మీద ఉంటాడు.

ఆసుపత్రి దాటాక ఇల్లుంది. అక్కడ ఎమ్మెన్వో ఉండడు. భార్యో, కోడలో, పదిహేనేళ్ళ మనవడో ఉంటారు. నడుములోతు కుంగిన నవారు మంచం మీంచి మనిషిని జరపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద మంచానికో, చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అంటే కదల్లేని మనిషి ఏ ఊళ్ళో, ఏ వీధిలో ఉన్నాడో ప్రభుత్వం దగ్గర జాబితా ఉంది. ప్రతి నెలా అతని ఇంటికి మనిషి వెళ్తున్నాడు. ఆ ఇంటికి ఒక్కసారి ఒక షీటు, దాన్ని ఎలా వాడాలో చూపించే ఏఎన్ఎం వెళ్ళడం కష్టమా? తెలంగాణలో ఇంటింటికీ తిరిగి నొప్పి తగ్గించే ఆలన వాహనాలున్నాయి. అందులో మందులతోపాటు నాలుగు షీట్లు వేసి పంపండి. నెల్లూరులో 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇచ్చింది, మంచి పనే. కానీ చక్రాల కుర్చీ ఇచ్చి, మంచం మీంచి అందులోకి రావడానికి సాధనం ఇవ్వకపోతే ఆ కుర్చీ మీద బట్టలు ఆరేసుకుంటారు. నేను చూశాను.

మళ్ళీ ఆసుపత్రికి వద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల అన్ని భాగాల్లోనూ అవరోధాలు లేకుండా చూడాలంటుంది. మనం గుమ్మం దగ్గర ర్యాంపు కట్టి ఆగిపోయాం. కాళ్ళు లేని మనిషికి ఎక్స్‌రే బల్ల ఎత్తు కూడా అవరోధమే. స్త్రీల విషయంలో ఇంకోటి కూడా ఉంది. స్కానింగ్ గదిలో ముక్కూమొహం తెలియని మగవాళ్ళు నలుగురు తనను ఎత్తుతుంటే చీర ఎక్కడుందో సర్దుకోలేక కళ్ళు మూసుకునే ఆడవాళ్ళను చూశాను. షీటు ఉంటే ఇద్దరు ఆడవాళ్ళే ఆ పని చెయ్యగలరు.

ఎంత ఖర్చని మీ ఫైనాన్స్ విభాగం అడుగుతుంది. ఒక జిల్లా ఆసుపత్రిలోని వార్డులన్నింటికీ ఏడాదికి కావలసిన షీట్లు, బోర్డులు కలిపినా ఒక వెంటిలేటరు ఖరీదుకు దగ్గరికి రావని నా నమ్మకం. ముందు రెండు రాష్ట్రాల్లో ఒక్కొక్క జిల్లా ఆసుపత్రి ఎంచుకోండి. ఆర్నెల్లు ఇచ్చి చూడండి. ఆ ఆర్నెల్లలో వచ్చిన కొత్త బెడ్ సోర్లు, సిబ్బంది నడుం నొప్పితో పెట్టిన సెలవులు, మార్చేటప్పుడు పడిపోయిన రోగులు, ఈ మూడూ రాయించండి. అవి నాకు తెలిసినంతవరకు ఎవరూ రాయడం లేదు, అందుకే సమస్య లేనట్టు కనబడుతోంది.

చివరిగా ఒక అభ్యర్థన. స్పెసిఫికేషన్ రాసే కమిటీలో డాక్టర్లు, బయోమెడికల్ ఇంజినీర్లు ఉంటారు. వాళ్ళ పక్కన ఒక ఆర్థో వార్డు హెడ్ నర్సుకు, ఒక ఎమ్మెన్వోకు, ఒక ఎఫ్ఎన్వోకు కుర్చీ వేయండి. కంపెనీవాళ్ళు శాంపిళ్ళు తెచ్చిన రోజు, వాటిని బల్ల మీద పరచి తడిమి చూడడంతో సరిపెట్టవద్దు. కమిటీలో ఒకరు మంచం మీద పడుకోవాలి, ఆ ముగ్గురూ వాళ్ళను ట్రాలీ మీదికి మార్చాలి, ఒకసారి దుప్పటితో, ఒకసారి షీటుతో. ఏది కొనాలో అప్పుడు రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్